జంట డిస్కుల పెట్టె, నాలుగేళ్ల తర్వాత

పాత డెస్క్‌టాప్‌లో రెండు 4 టీబీ డిస్కులు బిగించి, డెబియన్ (ఒక రకం లినక్స్) ఎక్కించి, డిస్కులను జత కట్టే ఎండీఆడమ్ అనే ప్రోగ్రాంతో రెయిడ్ 1 జత, అంటే రెండింటిలోనూ ఒకే సమాచారం ఉండే జత, కట్టి నాలుగేళ్లయింది. ఎలా కట్టాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది అందులోని బిట్‌మ్యాప్ అనే గుర్తుల పట్టిక గురించి. అది నాకు చేసిన మేలు మరిచిపోలేను.

కిందటి మే నెలలో ఒక మధ్యాహ్నం విజయవాడలో కరెంటు గంటలో నాలుగుసార్లు పోయి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే దిగిపోయి ఉంది. సాయంత్రానికి ఫోనుకు మెయిల్ వచ్చింది, జతలోంచి ఒక డిస్కు తప్పుకుందని. వెళ్లి జత స్థితి చూస్తే, పనిచేసే ఒక్కో డిస్కుకు ఒక్కో యూ చొప్పున రెండు యూ అక్షరాలు ఉండాల్సిన చోట ఒకే యూ, దాని పక్కన ఖాళీ గీత. మా అమ్మమ్మ పాటల క్యాసెట్లు పన్నెండింటిని అందులోకే ఎక్కించుకున్నాను. ఆమె గొంతు ఇప్పుడు ఒక్క డిస్కు మీద ఉంది. నా చేతులు చల్లబడ్డాయి.

కరెంటు దెబ్బకు డిస్కు పోయిందనే అనుకున్నాను. అయినా కొత్తది కొనేముందు స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, తీసి చూశాను. చెడిన సెక్టార్లు సున్నా. యూడీఎంఏ సీఆర్‌సీ లోపాలు, అంటే డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య సమాచారం దారిలో చెడిన సందర్భాలు, మాత్రం రెండు వందలు దాటాయి. అవి పెరిగితే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ను. పెట్టె విప్పితే డిస్కును కంప్యూటర్‌కు కలిపే ఎర్ర సాటా కేబుల్ కొస వేలు తగిలితే చాలు, ఊగుతోంది. క్లిప్పు ఉన్న కొత్త కేబుల్ వేసి డిస్కును తిరిగి చేర్చాను. మొదట జత కట్టినప్పుడు రెండూ సమం కావడానికి ఎనిమిది గంటలకు పైగా పట్టింది. ఈ రాత్రికి జాగారమే అనుకుంటూ భోజనానికి కూర్చున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి రెండు యూలూ పక్కపక్కనే ఉన్నాయి. లాగ్‌లో చూస్తే పట్టింది నాలుగు నిమిషాలు!

డిస్కు దూరమైన సమయంలో ఏయే చోట్ల రాత మారిందో బిట్‌మ్యాప్ గుర్తు పెట్టుకుంటుంది. తిరిగొచ్చాక ఆ ముక్కలే నకలు చేస్తే సరిపోతుంది. నేను జత కట్టినప్పుడు, 100 జీబీ దాటిన జతకు ఎండీఆడమ్ దాన్ని మనం అడగకుండానే పెట్టేది. రాసే వేగం కొంత తగ్గుతుందంటారు కానీ, ఫొటోలు, పాటలు దాచుకునే నాకు ఆ తేడా తెలియలేదు. డిస్కు నిజంగానే చచ్చిపోయి కొత్తది పెడితే మాత్రం ఆ ఎనిమిది గంటలూ తప్పవు.

మొదటి ఏడాది బంధువులందరికీ "ఇక ఏదీ పోదు" అని చెప్పాను. ఆ మాట కొంత వెనక్కి తీసుకోవాలి. రెండో ఏడాది లాప్‌టాప్‌లో ఒక పెళ్లి ఫొటోల ఫోల్డరు పొరపాటున చెరిగింది. లాప్‌టాప్ ఫైళ్లను రాత్రిపూట పెట్టెలోకి నకలు చేసే ఆర్‌సింక్ ప్రోగ్రాంకు, అక్కడ చెరిగింది ఇక్కడా చెరిపేసే డిలీట్ ఆప్షన్ పెట్టి ఉంచాను. తెల్లారేసరికి పెట్టెలోని నకలూ పోయింది, రెండు డిస్కుల్లోంచీ. అక్క పెన్‌డ్రైవ్‌లో సగం దొరికాయి. అప్పటి నుంచి నకళ్లను తేదీలవారీ ఫోల్డర్లలోకి తీస్తున్నాను. మారని ఫైళ్లకు హార్డ్ లింకులే (పాత ఫైలుకే ఇంకో పేరు) కాబట్టి చోటు పెద్దగా పట్టదు. విడిగా ఇంకో డిస్కు అక్క వాళ్లింట్లో ఉంటుంది.

మా ఇంట్లో పాత కంప్యూటర్ ఖాళీగా ఉంది, నాకు లినక్స్ కమాండ్లు అలవాటే, అందుకని ఇది నాకు కుదిరింది. 40 వాట్ల లెక్కన నెలకు 29 యూనిట్లు కాలుతుంది. కమాండ్లంటే భయపడేవాళ్లకు రెడీమేడ్ పెట్టే మేలేమో. ఇంకొకటి, ప్రతి నెలా మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక డెబియన్ రెండు డిస్కులనూ సరిపోల్చి చూస్తుంది. ఆ గరగర పడకగదిలో అయితే నిద్ర పట్టనివ్వదు. మాది హాల్లో ఉంది.