ప్రాజెక్టుకు డేటా ఎక్కడిది తీసుకోవాలి: కాగుల్, జనగణన, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్... ఏది మేలు?

ఎంఏ ఎకనామిక్స్ అయినా ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ అయినా, ప్రాజెక్టు అనగానే పిల్లలు ముందు తెరిచేది కాగుల్, అంటే ఎవరైనా డేటా ఫైళ్లు పెట్టగలిగే వెబ్‌సైటు. ఫైలు ఒక్క క్లిక్కుతో దిగుతుంది, గళ్లన్నీ నిండుగా ఉంటాయి. తీరా వైవాలో "ఈ లెక్కలు ఎవరు తీశారమ్మా, ఎప్పుడు, ఎంతమందిని అడిగి?" అంటే నీళ్లు నమలడమే, ఎందుకంటే అక్కడి చాలా ఫైళ్లకు ఆ వివరమే ఉండదు, కొన్నయితే అచ్చంగా కంప్యూటర్ పుట్టించినవి. కోడింగ్ చేయి తిరగడానికి కాగుల్ బాగుంటుంది, అంతవరకే.

2011 జనగణన పాతదే, పైగా అందులో ఉన్నది 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్రం. అయినా మీ ఊళ్లో అక్షరాస్యులెందరు, సాగుదారులెందరు, కూలీలెందరు అన్నది ఊరి పేరుతో సహా ఎక్సెల్‌లో దొరుకుతుంది. ఊరి స్థాయి ప్రశ్నయితే అదే తీసుకోండి, "ప్రస్తుత పరిస్థితి" అని మాత్రం రాయకండి.

నా ఓటు ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఐదో విడత) జిల్లా ఫ్యాక్ట్‌షీట్లకు, అంటే జిల్లాకొకటిగా ఇచ్చే అంకెల పట్టికలకు. దేశంలో 707 జిల్లాలు, దాదాపు 6.37 లక్షల ఇళ్లు తిరిగి చేసిన సర్వే అది. రక్తహీనత, బాల్యవివాహాలు, టీకాలు అన్నీ జిల్లాలవారీగా ఉంటాయి. మెలికలూ ఉన్నాయనుకోండి. 2017 మార్చి నాటి జిల్లాలు తీసుకున్నారు కాబట్టి ములుగు, నారాయణపేటలకు విడి షీట్లు లేవు, ఆంధ్రలో 13 జిల్లాలే. పాత ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4తో పోలుద్దామంటే తెలంగాణలో అప్పటికి 10 జిల్లాలే. అట్ట మీద 2019-21 అని చూసి "కోవిడ్ ప్రభావం" అని ఓ చాప్టర్ రాసేస్తుంటారు, కానీ మన రెండు రాష్ట్రాల్లో సర్వే 2019లోనే అయిపోయింది! ఇంకోటి, అంకె బ్రాకెట్లో ఉందంటే అది 25 నుంచి 49 మంది మీద కట్టిన లెక్క అని, నక్షత్రం గుర్తు (*) ఉంటే 25 మంది కూడా దొరకలేదని. ఆ బ్రాకెట్లు పీకేసి ఎక్సెల్‌లో కొట్టేసుకుంటే ఆ హెచ్చరిక పోయినట్టే.

మరి యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కో మనిషి జవాబు విడివిడిగా ఉండేది? ఉద్యోగాలు, నిరుద్యోగం మీదైతే పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్రం చేసే శ్రామిక శక్తి సర్వే) డేటా కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా సైటులో రిజిస్టర్ చేసుకుంటే ఉచితమే. బలమైన డేటా, కాదనను. కానీ టెక్స్ట్ ఫైలు తెరిస్తే వరుసగా అంకెలే కనిపిస్తాయి, అందులో ఏది వయసో ఏది చదువో లేఅవుట్ (ఏ అంకె దేనిదో చెప్పే పట్టిక) పక్కన పెట్టుకుని తేల్చుకోవాలి, వెయిట్లు (సర్వేలోని ఒక్కొక్కరు బయట ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) వేయకుండా తీసిన శాతాలు ఎందుకూ పనికిరావు. ఆర్ గానీ స్టేటా గానీ (గణాంకాల సాఫ్ట్‌వేర్లు) వచ్చిన గైడు, రెండు మూడు నెలల టైము ఉంటే దిగండి.

నెలరోజులే ఉంటే తెలంగాణ 31 జిల్లాల షీట్లు దించుకుని, ఆడపిల్లల చదువుకూ బాల్యవివాహాలకూ సంబంధం చూడండి, ఉన్నవి 31 పాయింట్లేనన్న సంగతి మొదటి పేజీలోనే రాసేయండి.