విభాగాల పద్ధతా, ప్రాజెక్టు పద్ధతా: మేనేజరు మాట ఎక్కడ చెల్లుతుంది?

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ కొత్త టాబ్లెట్ లైను వేస్తోందనుకుందాం. ప్రాజెక్టు మేనేజరు అని ఒకరికి పేరు పెడతారు. ఆ పేరుకు బలముందా లేదా అన్నది కంపెనీ అమరికను బట్టి ఉంటుంది.

విభాగాల పద్ధతిలో మెయింటెనెన్స్, కొనుగోళ్లు, ప్రొడక్షన్ దేనికదే. ఎలక్ట్రీషియన్ కావాలంటే మేనేజరు మెయింటెనెన్స్ హెడ్‌ని అడగాలి. "ఈ వారం షట్‌డౌన్ ఉంది సార్, చూద్దాం" అంటే అంతే సంగతులు. బడ్జెట్, సెలవులు, ఇంక్రిమెంట్ అన్నీ హెడ్ చేతిలోనే ఉంటాయి. మేనేజరుకు మిగిలేది బతిమాలడం, ఫాలో అప్ మెయిళ్లు, టెన్షన్. అయితే పనివాళ్ల నైపుణ్యం పెరిగేది ఇక్కడే, వాళ్లకు సీనియర్లు పక్కనే ఉంటారు కాబట్టి.

ప్రాజెక్టు పద్ధతిలో టీమ్, డబ్బు రెండూ మేనేజరువే. నిర్ణయం ఆ పూటకే తేలుతుంది. కానీ లైను పూర్తయ్యే ముందు నుంచే టీమ్‌లో "తర్వాత మమ్మల్ని ఎక్కడ వేస్తారు?" అనే గుసగుసలు మొదలవుతాయి. ఇంకోటి, ఎంత అధికారమున్నా క్వాలిటీ విభాగాన్ని శాసించలేరు. మందుల తయారీ నియమాల ప్రకారం అది స్వతంత్రంగా ఉండాలి.

ఈ రెండింటి మధ్యలో మాట్రిక్స్ పద్ధతి ఉంది. ఇందులో పనివాళ్లకు ఇద్దరు బాసులు: విభాగం హెడ్, ప్రాజెక్టు మేనేజరు. బలహీన మాట్రిక్స్‌లో మేనేజరు దాదాపు సమన్వయకర్తే. బలమైన దాంట్లో బడ్జెట్ కూడా చాలావరకు ఆయన చేతికే వస్తుంది.

మిర్యాలగూడ రైస్ మిల్లులో డ్రయ్యర్ మార్చడానికి విభాగాల పద్ధతి చాలు. కొత్త లైనుకైతే నా ఓటు బలమైన మాట్రిక్స్‌కే, బడ్జెట్ మీద సంతకం చేసే అధికారం మేనేజరుకు రాతపూర్వకంగా ఇస్తేనే.