బయోస్‌లో 45, విండోస్‌లో 33: 2500కె మల్టిప్లయర్‌తో నా అనుభవం

ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రొసెసర్ గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. 2011లో వచ్చింది, ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం) కోసమే చాలామంది కొన్నారు, నేనూ అందుకే కొన్నాను. ఇన్నేళ్లు వాడాక నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది వేగం కాదు. ఏదైనా తేడా వచ్చినప్పుడు మల్టిప్లయర్ (100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె, 45 అంటే 4.5 గిగాహెర్ట్జ్) ఎక్కడ ఆగిందో చూస్తే చాలు, లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. నా మిషన్‌లో అది ఎలా తెలిసిందో చెప్తాను.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఒక వేసవిలో ఉన్నట్టుండి రెండర్లు ఆలస్యం కావడం మొదలైంది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లో చూస్తే మల్టిప్లయర్ 45 అనే ఉంది. విండోస్‌లోకి వచ్చి ప్రొసెసర్ వేగం చూపించే సీపీయూ-జెడ్ తెరిస్తే 16. దానికి కంగారు పడక్కర్లేదు, పని లేనప్పుడు కరెంటు ఆదా చేసే స్పీడ్‌స్టెప్ దాన్ని 16కి దించేస్తుంది. మల్టిప్లయర్ ఎప్పుడూ లోడ్‌లోనే చూడాలి. ప్రొసెసర్‌కి పూర్తి పని పెట్టే ప్రైమ్95 నడిపితే 45కి ఎక్కాలి కదా, 33కి ఎక్కి అక్కడే నిలబడిపోయింది. 4.5 గిగాహెర్ట్జ్ రావాల్సిన చోట 3.3.

అడిగిన ప్రతివాళ్లూ వేడి అన్నారు. మా విజయవాడ ఎండలకి ఎవరికైనా ముందు వచ్చే అనుమానం అదే. కానీ టెంపరేచర్ 60ల్లోనే ఉంది, ఈ చిప్ వేడికి తనంతట తాను వేగం తగ్గించుకునేది 98 డిగ్రీల దగ్గర. అయినా కూలర్ విప్పి పేస్ట్ మార్చాను. బయోస్ రీసెట్ చేసి సెట్టింగ్స్ అన్నీ మళ్లీ పెట్టాను. అదే 33.

అప్పుడు ఆ 33 గురించే ఆలోచించాను. బోర్డు నా సెట్టింగ్ తీసుకోకపోతే కంపెనీ టర్బో (పని పడినప్పుడు చిప్ తనంతట తానే మామూలు వేగం కంటే పైకి ఎక్కడం) అంకెలు కనిపించాలి: ఒక్క కోర్ పనిచేస్తుంటే 37, నాలుగూ పనిచేస్తుంటే 34. ఈ చిప్‌కి ఇచ్చిన 95 వాట్ల పరిమితి అడ్డుపడుతుంటే ముందు 45కి ఎక్కి, కాసేపటికి 42, 41 అంటూ జారాలి. ఇది జారడం లేదు, ఊగడం లేదు. కదలకుండా 33 అంటే ఈ చిప్ మామూలు వేగం, అంటే టర్బో ఆగిపోయింది. ఈ తరం చిప్‌లలో మనం చేసే ఓవర్‌క్లాక్ అంతా టర్బో మీదే నడుస్తుంది. మనం పెట్టిన 45 నిజానికి టర్బో అంకె. టర్బో లేకపోతే 45 కూడా లేదు.

బయోస్‌లో టర్బో ఆన్‌లోనే ఉంది. మరి ఆపుతున్నది విండోసే అయ్యుండాలి. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి మ్యాగ్జిమమ్ ప్రొసెసర్ స్టేట్ చూస్తే 99 శాతం. చూడ్డానికి ఒక్క శాతమే తక్కువ, కానీ 100 కంటే తగ్గితే విండోస్ టర్బోని అసలు అడగదు. కరెంటు కోతలు ఎక్కువయ్యాయని ఆ నెలలోనే కొత్త యూపీఎస్ పెట్టుకున్నాను. యూఎస్‌బీ కేబుల్ తగిలించాక విండోస్ దాన్ని ల్యాప్‌టాప్ బ్యాటరీలాగే చూసింది. దాంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ నన్ను ఒక్క మాట అడగకుండా తన సొంత పవర్ ప్లాన్ పెట్టేసింది. ఆ కోపం నాకింకా పోలేదు. 100 చేసి మళ్లీ లోడ్ పెట్టగానే మల్టిప్లయర్ 45కి ఎక్కింది. ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఇది 47లో నడుస్తుందని తెలిసినవాళ్లకి చెప్తుండేవాణ్ని. నడుస్తుంది కూడా. కాకపోతే నా బోర్డులో 47 నిలబడాలంటే బయోస్‌లో పీఎల్ఎల్ ఓవర్‌వోల్టేజ్ అనే సెట్టింగ్ ఆన్ చేయాల్సి వచ్చింది, అది ఆన్‌లో ఉంటే స్లీప్ నుంచి సిస్టమ్ లేవదు. ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ రాదు. దానికి తోడు వోల్టేజ్ బాగా పెంచాలి. అందుకే ఇప్పుడు మామూలు రోజుల్లో 45, మే నెలలో 43. రెండర్‌లో ఆ తేడా నాకు పెద్దగా తెలియదు. బేస్ క్లాక్ 100 దగ్గరే వదిలేశాను, హార్డ్ డిస్క్ తగిలించే సాటా, కార్డులు తగిలించే పీసీఐ కూడా ఆ క్లాక్ మీదే ఉంటాయి కాబట్టి దాన్ని కదిపితే హార్డ్ డిస్క్ మీదకి వస్తుంది. ఇంకో విషయం, ఒకటి, రెండు, మూడు, నాలుగు కోర్లకి విడివిడిగా అంకెలు అడిగే బోర్డు అయితే నాలుగింట్లోనూ ఒకటే నింపండి. మొదటిది మాత్రమే మారిస్తే అసలు పని పడినప్పుడు 45 కనిపించదు.

పేరు చివర కె లేని, అంటే మల్టిప్లయర్‌ని ఇష్టమొచ్చినంత పెంచనివ్వని ఐ5-2400 ఉన్నవాళ్లకి ఇదంతా పెద్దగా పనికిరాదు. పీ67, జెడ్68 చిప్‌సెట్ ఉన్న బోర్డుల మీద 38 దాకా, అంటే టర్బో పైన నాలుగు మెట్లు ఎక్కొచ్చు. హెచ్61 అయితే అదీ లేదు.

నావి 1080పీ వీడియోలు, స్లీప్ తప్పకుండా కావాలి, గదిలో ఏసీ లేదు. ఈ లెక్కలో 2500కె నాకింకా సరిపోతోంది. మా తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటిదే కొంటానంటే మాత్రం వద్దన్నాను. వాడు చేసేది 4కె ఎడిటింగ్, పైగా వాడికి విండోస్ 11 కావాలి, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఈ చిప్ లేదు. పాత బోర్డు, ర్యామ్ ఇంట్లో ఉండి, ఈ చిప్ ఒక్కటీ చౌకగా దొరికితే ఆలోచించొచ్చేమో.