బూస్ట్ కంట్రోలర్: మూడు రకాలు, నాలుగేళ్ల వాడకం

కారు పాత ఆక్టేవియా ఆర్‌ఎస్. 1.8 లీటర్ల ఇరవై వాల్వుల టర్బో పెట్రోలు ఇంజను, 150 పీఎస్, కే03 అనే చిన్న టర్బో. టర్బో ఇంజనులోకి అదనంగా తోసే గాలి పీడనమే బూస్టు, దాన్ని పెంచే పరికరమే బూస్ట్ కంట్రోలర్. నాలుగేళ్లలో మూడు రకాలు దీని మీద తిరిగాయి. రోడ్లు ఎక్కువగా గూడూరు నుంచి ఒంగోలు దాకా హైవే, అప్పుడప్పుడు దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాటు రోడ్డు, మిగతాది సముద్రం పక్క రొయ్యల చెరువుల దారులు. తీర్పు ముందే చెప్పేస్తాను. బ్లీడ్ వాల్వు దండగ. బాల్-స్ప్రింగు రకం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. సోలినాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, అన్నిటికంటే మంచిది, కానీ సెట్ చేసే ఓపిక ఉన్నవాళ్లకే. ఏది పెట్టినా ఇంజను ప్రాణం మాత్రం టర్బోకీ, దాని గేటును తెరిచే యాక్చుయేటర్‌కీ మధ్య ఉన్న జానెడు గొట్టం మీదే ఆధారపడి ఉంటుంది.

మన షెడ్డుల్లో మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని చుట్లు తిప్పితే దమ్ము వస్తది అబ్బయా?" అనే. చుట్ల లెక్క తర్వాత. టర్బో నిపిల్ నుంచి ఒక సన్న గొట్టం వేస్ట్‌గేట్ (ఎగ్జాస్టును పక్కకు వదిలే గేటు) యాక్చుయేటర్‌కి వెళ్తుంది. అందులో పీడనం యాక్చుయేటర్ లోపలి స్ప్రింగును గెలిచినప్పుడు గేటు తెరుచుకుని, ఎగ్జాస్టులో కొంత, టర్బోను తిప్పే టర్బైన్‌ను తప్పించుకుని పోతుంది. కంట్రోలర్ చేసే పనల్లా ఆ గొట్టం మధ్యలో కూర్చుని యాక్చుయేటర్‌కి అసలు పీడనం కంటే తక్కువ చూపించడం. అంటే స్ప్రింగు పీడనం కంటే బూస్టు పెంచగలదే గానీ తగ్గించలేదు. గేటు రంధ్రం చిన్నదై బూస్టు దానంతటదే పైకి పాకుతుంటే దానికీ ఇందులో మందు లేదు.

బ్లీడ్ రకం గొట్టంలోని గాలిని ఎప్పుడూ కొంత బయటికి వదులుతుంటుంది. మిగిలిన గాలి యాక్చుయేటర్‌ని మొదటి నుంచీ తోస్తూనే ఉంటుంది కాబట్టి గేటు ముందే సగం తెరుచుకుని బూస్టు నిదానంగా ఎక్కుతుంది. పొద్దున 0.7 బార్ చూపిన బూస్టు గేజీ ముల్లు మధ్యాహ్నానికి 0.6 దగ్గర ఆగడం, వదిలే రంధ్రానికి కాస్త దుమ్ము పట్టగానే లెక్క మారిపోవడం దీనికి మామూలే. మూడు నెలల్లో పీకేశాను.

బాల్-స్ప్రింగు పద్ధతి వేరు. లోపల ఒక స్టీలు గోళీ, దాని వెనక స్ప్రింగు. పెట్టిన పీడనం వచ్చేదాకా గోళీ దారి మూసేస్తుంది, యాక్చుయేటర్‌కి ఏమీ చేరదు, గేటు గట్టిగా మూసి ఉంటుంది. అందుకే బూస్టు ముందుగా, ఒక్క తోపుగా వస్తుంది. యాక్చుయేటర్ వైపు సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రం ఒకటుంటుంది, చూస్తే తయారీ లోపమేమో అనిపిస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు యాక్చుయేటర్‌లో చిక్కుకున్న గాలి పోయే దారి అది. మూసుకుపోతే గేరు మార్చిన ప్రతిసారీ గేటు తెరుచుకునే ఉండి, తర్వాతి గేరులో బండి నీరసంగా లేస్తుంది. పెద్దది చేస్తే యాక్చుయేటర్‌కి అందే పీడనం తగ్గి బూస్టు ఇంకా పెరుగుతుంది. సూదితో శుభ్రం చేయాలే గానీ డ్రిల్లు పెట్టకూడదు.

కొనేటప్పుడు చూడాల్సినవి రెండే. లాక్ నట్ ఉండాలి, బాణం గుర్తు ఉండాలి. ఆన్‌లైన్‌లో పదిహేను వందల లోపు దొరికే ఇత్తడి రకం రెండేళ్లు బాగానే పనిచేసింది. ఒక చిరాకు ఉంది: దాని గోళీ గుండ్రంగా ఉన్నా, అది కూర్చునే అంచు గరుకుగా ఉంది. విప్పి, వేలి గోటితో ఆ అంచు చుట్టూ గీస్తే తట్టుకునే చోట తెలుస్తుంది. 1,000 నంబరు నీళ్ల కాగితంతో ఆ చోట రుద్ది కడిగాక ముల్లు వణుకు పోయింది. పేరు రాయను, ఆ అచ్చు మీద పది పేర్లతో అమ్ముతున్నారు.

బిగించే ముందు గాలి లీకు పరీక్ష తప్పదు. పైపుల దుకాణంలో టర్బో నోటికి సరిపడే పీవీసీ మూత కొని, మధ్యలో రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు దిగ్గొట్టండి. ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీసి ఆ మూత టర్బో నోటికి బిగించి, పంచరు షాపు కంప్రెసర్‌తో అర బార్ ఎక్కించి, అన్ని జాయింట్ల మీదా సబ్బు నీళ్లు చల్లండి. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) గొట్టం క్లిప్పుల దగ్గరా, డైవర్టర్ వాల్వు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగులు గాలిని వెనక్కి మళ్లించేది) దగ్గరా బుడగలు వస్తే కంట్రోలర్ మాట పక్కన పెట్టండి. ఈ ఇంజన్లలో డైవర్టర్ వాల్వు లోపలి పొర చినగడం కొత్త సంగతేం కాదు. లీకుండగా స్క్రూ బిగిస్తూ పోతే గేజీలో అంకె సరిగానే కనిపిస్తుంది, టర్బో మాత్రం దానికోసం పరిమితి దాటి తిరుగుతుంటుంది.

ఇక బిగింపు. బాణం టర్బో నుంచి యాక్చుయేటర్ వైపు ఉండాలి. నిపిళ్లు కొలిచి, లోపలి వ్యాసం సరిపోయే మందమైన సిలికాన్ గొట్టమే వాడండి. రెండు వైపులా కలిపి 40 సెంటీమీటర్లు దాటనివ్వకండి, పొడవు పెరిగితే గేటుకు కబురు ఆలస్యంగా చేరి బూస్టు ఒక్కసారి ఎగిరి పడుతుంది. ప్రతి నిపిల్‌కీ క్లిప్పు ఉండాల్సిందే. ఆ గొట్టం ఊడితే బూస్టు తగ్గదు. యాక్చుయేటర్‌కి ఏ పీడనమూ అందక గేటు మూసే ఉంటుంది, బూస్టుకు అడ్డే ఉండదు.

ఈ కారులో కంపెనీ పెట్టిన ఎన్75 అనే బూస్టు వాల్వు ముందే ఉంది. దాని గాలి గొట్టాలను తప్పించినా కరెంటు సాకెట్టు పీకకూడదు, పీకితే ఫాల్టు లైటు వెలుగుతుంది. ఈసీయూ (ఇంజను కంప్యూటరు) కోరినదానికంటే బూస్టు మరీ ఎక్కువై అలాగే నిలబడితే పీ1557 కోడు వేసి బండిని కుంటి నడకలో పడేస్తుంది. రీమ్యాప్ (ఆ కంప్యూటరు లెక్కల మార్పు) లేకుండా ఈ కారులో 0.75 బార్, అంటే దాదాపు 11 పీఎస్ఐ దాటినప్పుడల్లా ఆ గొడవ వచ్చింది. అందుకే 0.7 దగ్గర ఆపాను. కే03కి పై ఆర్‌పీఎంలో అంతకంటే ఊదే ఊపిరి కూడా అంతంతే.

సెట్టింగు స్క్రూ పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టండి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 2,000 నుంచి 4,000 ఆర్‌పీఎం దాకా నిండు యాక్సిలరేటర్ చాలు, వేగం హద్దుల్లోనే ఉంటుంది. పక్కన కూర్చున్న మనిషి గేజీ చూడాలి, నడిపేవాళ్లు కాదు. శిఖరం ఎంత, ఆ తర్వాత నిలబడింది ఎంత అని రెండు అంకెలు రాసుకోవాలి. అర చుట్టు చొప్పున పెంచండి, ఆఖర్న పావు చుట్టు. శిఖరానికీ నిలకడకూ తేడా 0.1 బార్ మించితే గొట్టం పొడవు తగ్గించి మళ్లీ చూడండి.

మన దగ్గర అసలు మోసం ఎండది. గాలి 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే అదే పీడనంలో సాంద్రత ఆరు శాతం దాకా పడిపోతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం నెల్లూరులో గేజీ 0.7 చూపిస్తున్నా కాలి కింద బండి బద్ధకిస్తుంది. ఆ వెలితిని స్క్రూతో పూడ్చబోతే గాలి ఇంకా వేడెక్కి, నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ పేలడం) మొదలై, ఈసీయూ స్పార్కు టైమింగ్ వెనక్కి లాగి, ఉన్న దమ్ము కూడా పోతుంది. పైగా ఎండాకాలం బిగించిన స్క్రూ డిసెంబరు తెల్లవారుజామున 0.8 చూపిస్తుంది. స్క్రూ తిప్పాలంటే చలికాలం పొద్దున తిప్పండి, తర్వాత ఏడాదంతా ముట్టుకోకండి.

గాలి-పెట్రోలు మిశ్రమం చూడటానికి, ఎగ్జాస్టులోని ఆక్సిజన్‌ను కొలిచే వైడ్‌బ్యాండ్ మీటరు ఉండాలి. అందులో గాలి-పెట్రోలు నిష్పత్తి అంకెను కాకుండా లాంబ్డాను చూడండి, సమతూకం దగ్గర అది 1, తగ్గేకొద్దీ పెట్రోలు ఎక్కువని. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు సమతూకం 14.7 దగ్గర ఉండదు, దానికంటే కిందే ఉంటుంది, పాత లెక్కతో చూస్తే మోసపోతారు. నిండు బూస్టులో లాంబ్డా 0.80 నుంచి 0.85 మధ్య ఉంటే సరే. 0.9 దాటితే కాలు తీసేయండి. పై ఆర్‌పీఎంలో దగ్గినట్టు మిస్ కొడితే ముందు ప్లగ్గులు చూడండి. సందు 0.8 నుంచి 0.7 మిల్లీమీటరుకు తగ్గించగానే ఇక్కడ అది పోయింది.

మూడు పోర్టుల సోలినాయిడ్ ఇప్పుడు బండిలో ఉన్నది. మ్యాక్ కంపెనీ వాల్వు, దాన్ని నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె. గొట్టాలు ఎక్కడ తగిలించాలో నోటితో ఊదితే తెలుస్తుంది: కరెంటు లేనప్పుడు ఏ రెండు పోర్టులు కలిసి ఉంటాయో అవి టర్బోకీ యాక్చుయేటర్‌కీ, మూడోది గాలిలోకి. ఇలా పెడితే ఫ్యూజు పోయినా బూస్టు స్ప్రింగు పీడనానికి దిగిపోతుంది. తిరగేసి పెడితే ఫ్యూజు పోయిన రోజే హద్దులేని బూస్టు. 30 హెర్ట్జ్ దగ్గర, 20 శాతం డ్యూటీతో (వాల్వుకు కరెంటు అందే సమయం వాటా) మొదలుపెట్టి ఐదేసి శాతం పెంచాను. గెయిన్ (పెట్టె సర్దుబాటు చేసే తీవ్రత) ఎక్కువైతే ముల్లు గడియారం లోలకంలా ఊగుతుంది, తగ్గించాలి. బాల్-స్ప్రింగు ఇవ్వలేనిది దీనిలో ఒకటుంది: ఘాటుకు ఒకటి, హైవేకి ఒకటి, రెండు సెట్టింగులు మీట నొక్కితే మారతాయి. ఎగ్జాస్టు పక్కన కాకుండా ఫైర్‌వాల్ మీద బిగించండి.

డీజిలు బండ్లకు ఇది అడగొద్దు. రెక్కల కోణం మారే వీజీటీ టర్బోల్లో వేస్ట్‌గేటే ఉండదు. గేటు ఉన్న కామన్ రైలు ఇంజన్లలో డీజిలు పెరగకుండా గాలి ఒక్కటే పెరిగితే దమ్ము రాదు, ఓవర్‌బూస్ట్ కోడు వస్తుంది. ఇక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ కొలతలు మార్చడాన్ని ఒప్పుకోదు, బీమా క్లెయిమ్‌లోనూ పేచీ రావచ్చు. అది తెలిసే దిగండి.

సర్వీసు విషయం. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ఇత్తడి పచ్చబడి లాక్ నట్ పట్టేస్తుంది. చీమకుర్తి వైపు గ్రానైటు పొడి సోలినాయిడ్ మూడో పోర్టు స్పాంజిని రెండు నెలల్లో నింపేస్తుంది. పదివేల కిలోమీటర్లకొకసారి గోళీ తీసి కార్బ్ క్లీనర్‌తో నూనె జిడ్డు కడిగి పొడిగా ఆరబెట్టండి, గ్రీజు మాత్రం పెట్టకండి. గోళీ అంటుకుంటే బూస్టు ముందు ఎగిరి తర్వాత దిగుతుంది.

డాష్‌బోర్డు అరలో ఎప్పుడూ అర మీటరు గొట్టం, నాలుగు క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవరు ఉంటాయి. గేజీ ఏ మాత్రం అనుమానంగా కదిలినా బండి పక్కకు ఆపి, ఇంజను చల్లారాక, కంట్రోలర్‌ని తప్పించి టర్బో నిపిల్ నుంచి నేరుగా యాక్చుయేటర్‌కి ఆ గొట్టం తగిలించాలి. ఐదు నిమిషాల పని. ఇంటిదాకా స్ప్రింగు బూస్టుతో, నిదానంగానే.