సెకండ్ హ్యాండ్ లెన్సు కొనేవాళ్లు జాగ్రత్త: 52 వేలు పెట్టి బూజు కొన్నాను

ఫ్రెండ్స్, విజయవాడ, గుంటూరు వైపు ఎవరైనా పక్షుల ఫొటోల కోసం సెకండ్ హ్యాండ్‌లో పెద్ద లెన్సు చూస్తుంటే, ముందు ఇది చదివి అప్పుడు డబ్బులు పంపండి. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిక పట్టండి. నేను పట్టాల్సిన చోట ఓపిక పట్టకే ఇక్కడిదాకా వచ్చింది.

లెన్సు నికాన్ 200-500 (ఎంత దూరం లాగుతుందో చెప్పే ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో), ఎఫ్ 5.6 (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం కొలత, అదే ఎపర్చర్). లెన్సుదీ కంపెనీదీ ఏ తప్పూ లేదు, చాలామంది దగ్గర ఉంది, బాగా పనిచేస్తుంది. తప్పు అమ్మినవాడిది, సగం నాది. పేరు పెట్టట్లేదు. పెడితే గొడవ నా మెడకే చుట్టుకుంటుంది, పైగా అతను ఒక్కో చోట ఒక్కో పేరుతో అమ్ముతున్నాడని తర్వాత తెలిసింది, కాబట్టి పేరు కంటే పద్ధతి గుర్తుపెట్టుకోవడం మేలు.

మేం ఓ ఇరవై మందిమి ఉంటాం, ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకి ఫొటోలు తీసేవాళ్లం. వారమంతా తీసినవి ఆదివారం పెట్టుకుని ఒకరివి ఒకరం చూసి తప్పులు చెప్పుకుంటాం. చెప్పుకుంటాం అంటే, కొత్తవాళ్లకి చెబుతాం. కాస్త పేరున్నవాళ్లు ఏం పెట్టినా "సూపర్ అన్నా", రెండు చప్పట్లు, అయిపోయింది. ఇతను ఆ రెండో రకం. ఆరు నెలలుగా మాతో ఉన్నాడు, పెట్టిన ప్రతి ఫొటో అదిరిపోయేది. నీళ్ల మీద రెక్కలు విప్పి దిగుతున్న గూడబాతు ఫొటో ఒకటి పెట్టాడు, ముక్కు కింద సంచి, దాని మీద నీటి చుక్కలతో సహా కనిపిస్తుంది. దాని కింద నలభైకి పైగా కామెంట్లు, అందులో రెండు నావే. ఒకదాంట్లో "ఏ లెన్సు అన్నా?" అని అడిగాను. "200-500 బ్రదర్, అమ్మేస్తున్నా, కావాలా?" అన్నాడు. గాలం అక్కడే పడింది, నేను ఎగిరి మరీ పట్టుకున్నాను.

సింగిల్ హ్యాండ్ (ఒక్కడే వాడింది), మింట్ కండిషన్ (కొత్తదానిలా), బాక్స్ ఉంది, బిల్లు మాత్రం ఇల్లు మారేటప్పుడు పోయింది అన్నాడు. 58 చెప్పి 52కి దిగాడు. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఈ రాత్రికి తేల్చకపోతే వాళ్లకి ఇచ్చేస్తా అన్నాడు. (ఆ ఇద్దరు ఎవరో నాకిప్పటికీ తెలియదు, నాలాంటి ఇంకో ఇద్దరు అయి ఉంటే మాత్రం వాళ్ల అదృష్టం బాగుంది.) దీపావళి వెళ్లిన వారానికి, రాత్రి ఎనిమిదిన్నరకి పండిట్ నెహ్రూ బస్టాండులో కలుద్దామన్నాడు. ఊరికి వెళ్లే హడావిడిలో ఉన్నాను, తొమ్మిదింటికి బస్సు అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఇది మొత్తం లెక్క ప్రకారమే చేశాడు. రాత్రి, ట్యూబులైటు వెలుతురు, చుట్టూ జనం, పైనుంచి బస్సుల అనౌన్సుమెంట్లు, భుజాన బ్యాగు వేసుకుని గడియారం చూసుకునే మనిషి. నేను లెన్సు నా కెమెరాకి తగిలించి ఎదురుగా బోర్డులు ఓ పది తీశాను. ఫోకస్ టక్కున పట్టింది, వెనక స్క్రీన్ మీద అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. ముందు గాజు మీద గీత కూడా లేదు. ఫోన్లో డబ్బులు కొట్టేశాను. "ఏదైనా ప్రాబ్లం ఉంటే ఐదు రోజుల్లో చెప్పు బ్రదర్, వెనక్కి తీసుకుంటా" అన్నాడు. ఆ మాట నోటితో అన్నాడు, మెసేజ్‌లో ఎక్కడా లేదు.

ఆ ఐదు రోజుల్లో నాకేమీ తెలియలేదు, అంత తొందరగా తెలిసేది కూడా కాదు. మొదటి ఆదివారం పొద్దున్నే గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్లాను. చెరువులో తుమ్మ చెట్ల నిండా గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు, ఎండ నా వీపు వెనక నుంచి పడుతోంది. ఫొటోలు బాగానే వచ్చాయి. ఎక్కడో కొంచెం పాలిపోయినట్టున్నా పొద్దుటి మంచు అనుకున్నాను. లెన్సు లోపల బూజు పట్టినప్పుడు వచ్చే తిరకాసే ఇది. ఆ మచ్చలు ఫొటోలో మచ్చల్లా కనపడవు, అంత దగ్గరలో ఉన్నది ఫోకస్‌లోకి రాదు కదా. అది చేసేదల్లా వెలుతురును చెదరగొట్టడం. వెలుతురు మన వెనక నుంచి వస్తున్నంతసేపు పెద్దగా తేడా ఉండదు, అదే ఎదురు వెలుతురులో పెట్టగానే నల్లగా ఉండాల్సినదంతా బూడిద రంగుకి తిరుగుతుంది, ఫొటో మీద ఎవరో పలచటి మజ్జిగ పోసినట్టు.

రెండో వారం కృష్ణలంక వైపు గట్టు మీద నుంచి రైలు వంతెన తీశాను. వంతెన మీద గూడ్సు బండి, వెనక దిగిపోతున్న సూర్యుడు. మంచిదొకటి ఎంచి ఆదివారం పెట్టాను, నా లెక్కలో అది నేను తీసినవాటిలో గొప్పది. మాలో తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, ఎవరి ఫొటో అయినా మొహమాటం లేకుండా మాట్లాడతారు, అందుకే ఆయనంటే సగం మందికి పడదు. ఆయన రాసింది ఇదీ: "బండి నల్లగా ఉండాలి కదా బాబూ, నలుపు ఎక్కడుంది?"

నాకు ఒళ్లు మండింది. కృష్ణ మీద పొగమంచు మాస్టారూ, అదే దీని అందం అని రాశాను. ఆయన వదల్లేదు. "పొగమంచు అయితే దూరం పెరిగేకొద్దీ చిక్కబడాలి. నీ ఫొటోలో దగ్గరున్న స్తంభమూ బూడిదే, దూరంగా ఉన్న స్తంభమూ బూడిదే. హిస్టోగ్రాంలో (ఫొటోలో వెలుతురు లెక్క చూపే గ్రాఫ్) నలుపు ఉండే ఎడమ పక్క అంతా ఖాళీ. ఇది ఏటి మీద మంచు కాదు, నీ గాజులో ఉంది. టార్చి వేసి చూడు." నేను దానికి ఒక వెటకారం బొమ్మ పెట్టి ఫోన్ పక్కన పడేశాను. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

రాత్రి నిద్ర పట్టక లేచి చూశాను. లైట్లన్నీ ఆర్పి, ముందు మూత, వెనక మూత రెండూ తీసి, వెనక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి ముందు వైపు నుంచి కొంచెం ఏటవాలుగా. లోపల, నడిమి గాజుల మీద ఎక్కడో, సన్నటి దారాలు. సాలీడు గూడు కట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసినట్టు, ఒక మూల నుంచి కొమ్మలు కొమ్మలుగా మధ్యదాకా పాకి ఉంది. దుమ్ము వేరు, దుమ్ము చుక్కలు చుక్కలుగా ఉంటుంది, నాలుగు చుక్కలున్నా ఏమీ కాదు, వాడిన లెన్సులో అది మామూలే. ఇలా కొమ్మలు కనపడితే మాత్రం ఫంగస్.

పొద్దున ఫోన్ చేస్తే మొదట చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీరు సరిగా దాచి ఉండరు బ్రదర్, విజయవాడలో ఏటి పక్క తేమ ఎక్కువ కదా." పన్నెండు రోజుల్లోనా అన్నాను. "నేనిచ్చినప్పుడు లేదు, మీరు చూసుకునే కదా తీసుకున్నారు." ఐదు రోజుల మాటేమిటి అంటే, ఐదు దాటి పన్నెండు అయ్యాయి కదా అన్నాడు! సాయంత్రానికి నా నంబరు బ్లాక్.

గవర్నర్‌పేటలో కెమెరాలు బాగుచేసే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన గాజు కంటే ముందు మౌంటు (కెమెరాకి తగిలించే చోటు) దగ్గర స్క్రూలు చూశాడు. భూతద్దం నాకిచ్చి నన్నూ చూడమన్నాడు. రెండు స్క్రూల తలలు అరిగి, నల్ల రంగు పోయి తళతళమంటున్నాయి. "దీన్ని ఇంతకుముందే ఎవరో విప్పారు సార్, కంపెనీ సర్వీసు వాళ్లు ఇలా విప్పరు" అన్నాడు. లోపల చూసి, బూజు ఒకసారి తుడిచారు, వేరు మిగిలి మళ్లీ పాకింది, గాజు మీద కోటింగ్ కూడా కొంత తినేసింది, అది పన్నెండు రోజుల పని కాదు అన్నాడు. మళ్లీ విప్పి తుడిస్తే 9 వేలు, దారాలు పోతాయిగానీ కోటింగ్ పోయినచోట మచ్చ అలాగే ఉంటుంది, తిరిగి బిగించాక గాజుల వరస ముందున్నంత కచ్చితంగా కుదురుతుందని మాటివ్వలేను అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయనకి దండం పెట్టి వచ్చేశాను.

అంటే ఏమిటి, అతనికి తెలుసు. తెలిసే ఒకసారి తుడిపించి, మళ్లీ వస్తుంటే రాత్రిపూట బస్టాండులో నా చేతిలో పెట్టాడు.

అసలు మండేది ఇంకా ఉంది. మాలో బందరు నుంచి ఒకమ్మాయి ఉంది, జరిగింది చెప్పాక ఆ గూడబాతు ఫొటో కింద ఉన్న వివరాలు విప్పి చూసింది. షట్టర్ స్పీడు, ఐఎస్ఓ, ఫోకల్ లెంగ్త్ అన్నీ ఫొటో లోపలే ఉంటాయి కదా, అతను తీసేయలేదు కూడా. ఫోకల్ లెంగ్త్ 600, ఎపర్చర్ 6.3 అని ఉంది. 500 దాటని లెన్సుకి 600 ఎక్కడి నుంచి వస్తుంది? అది ఏ 150-600తోనో తీసిన ఫొటో. నేను కొన్న లెన్సుతో తీసిందే కాదు. అతను తీసిందో కాదో కూడా ఇప్పుడు అనుమానమే. ఆ అంకె ఆరు నెలలుగా అక్కడే, మా అందరి కళ్ల ముందే ఉంది. కింద నలభై కామెంట్లు "సూపర్ అన్నా" అని రాశాం, ఒక్కడూ పైన చదవలేదు. అదే ఫొటో ఒక కొత్త కుర్రాడు పెట్టి ఉంటే మాస్టారు కాకపోయినా ఇంకెవరో ఒకరు "సెట్టింగ్స్ ఏంటి తమ్ముడూ?" అని అడిగి ఉండేవాళ్లు.

ఇది బయటపెట్టాక గుంటూరు నుంచి ఒకరు మెసేజ్ చేశారు. ఇదే మనిషి, ఇంకో పేరు, కెమెరా బాడీ అమ్మాడట. 18 వేల క్లిక్కులే అన్నాడట, ఆయన ఇంటికెళ్లి ఒక ఫొటో తీసి సాఫ్ట్‌వేర్‌లో చూసుకుంటే లక్షా నలభై వేలు దాటి ఉన్నాయట. నికాన్ అయితే షట్టర్ కౌంట్ (ఎన్ని క్లిక్కులయ్యాయో ఆ లెక్క) ఫొటో ఫైల్లోనే రాసి ఉంటుంది, కొనేముందే అప్పటికప్పుడు తీసిన ఒరిజినల్ ఫైల్ ఒకటి అడగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఈ వివరాలన్నీ రాలిపోతాయి, డాక్యుమెంటుగా పంపమనండి. "అదెలాగో నాకు తెలియదు బ్రదర్" అన్నాడంటే ఆరు నెలలుగా ఫొటోలు పెడుతున్న మనిషికి అది తెలియకపోవడం ఏమిటో మీరే ఆలోచించండి.

కొనడానికి వెళ్తే పగలు వెళ్లండి, అమ్మేవాడి ఇంటికైనా మీ ఇంటికైనా సరే, గంట టైం ఉండేలా. టార్చి ఎలా వేయాలో పైన చెప్పాను. మౌంటు దగ్గర స్క్రూలు చూడండి. సూర్యుడు నేరుగా కాదుగానీ ఎదురు వెలుతురు పడేలా, కిటికీకి అడ్డంగా నల్లటిది ఏదైనా పెట్టి తీయండి, నలుపు నలుపుగా వస్తుందో లేదో. న్యూస్ పేపరు గోడకి అతికించి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ట్రైపాడ్ మీద తిన్నగా పెట్టి తీసి నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. ఒక మూల మాత్రమే అలుక్కుపోయి ఉంటే లోపల గాజు పక్కకి జరిగి ఉండొచ్చు, కింద పడిన లెన్సుల్లో ఇది ఉంటుంది. వెనక్కి తీసుకుంటానన్న మాట మెసేజ్‌లో రాయించుకోండి, ఎన్ని రోజులో అంకెతో సహా. లెన్సు మీద సీరియల్ నంబరుకి ఫొటో తీసి ఆ మెసేజ్ కిందే పెట్టండి. మనిషిని చూడకుండా అడ్వాన్సు అస్సలు వద్దు. ఇప్పటికే పంపేసి అవతలివాడు మాయమై ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత.

ఇంకొకటి, చాలామంది చేస్తున్నారు కాబట్టి చెబుతున్నా. తేమ పీలుస్తుందని లెన్సు బియ్యం డబ్బాలో పెట్టకండి, ఆ పిండి దుమ్ము లోపలికి పోతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్, లోపల చిన్న తేమ మీటరు, అన్నీ కలిపి వెయ్యిలో అయిపోతాయి. మీటరు 40 శాతానికీ 50 శాతానికీ మధ్య ఉంటే చాలు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచేవాళ్లు మాత్రం బూజుకి భోజనం పెట్టి పడుకోబెడుతున్నట్టే. నా పాత లెన్సులు వేరే డబ్బాలో పెట్టాను. పక్కదానికి అంటుతుందా లేదా అన్న దాని మీద వాదనలున్నాయి, నేను మాత్రం ఆ ప్రయోగం నా డబ్బుతో చేయను.

ఈ లెన్సు నా దగ్గరే ఉంటుంది. "తక్కువకి ఇంకెవరికైనా ఇచ్చేయ్, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది" అని మా బావ సలహా ఇచ్చాడు. ఎండ వీపు వెనక ఉన్నంతసేపు ఉప్పలపాడులో పని జరుగుతోంది, అంతవరకు వాడుకుంటా. మాస్టారికి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. "అది సరేగానీ, ఆ ఫొటోలో వంతెన కూడా వంకరగా ఉంది, అది లెన్సు తప్పు కాదు" అన్నారు.

గూడబాతు రెక్కలు విప్పి నీళ్ల మీద దిగే ఫొటో, పక్కన "సింగిల్ హ్యాండ్, మింట్ కండిషన్, అర్జెంట్ సేల్" అని కనిపిస్తే, ఫొటో లోపలి వివరాలు విప్పి 600 ఉందేమో చూడండి. విజయవాడలో ఎవరైనా సెకండ్ హ్యాండ్ లెన్సు చూడటానికి వెళ్తుంటే ఇక్కడ మెసేజ్ పెట్టండి, ఆదివారం పొద్దున అయితే నేనూ వస్తా, టార్చి నేనే తెస్తా.