ఇంటి పనా, ప్రత్యేక వ్యాయామమా: ఒంటికి ఏది మేలు?

రోజూ ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బట్టలు ఉతికే మనిషికి మళ్లీ వేరే వ్యాయామం ఎందుకని అడిగేవారున్నారు. ఇంటి పని పనే గాని వ్యాయామం కాదని కొట్టిపారేసేవారూ ఉన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. ఏ పని చేస్తున్నాం, ఎంత జోరుగా చేస్తున్నాం, మిగిలిన రోజంతా కూర్చుని గడుస్తోందా నిలబడి గడుస్తోందా అన్నవి చూడకుండా ఏది మేలో తేల్చడం కుదరదు.

కదలకుండా కూర్చున్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిని కొలమానంగా పెట్టుకుని, దానికి 3 నుంచి 6 రెట్లు ఖర్చయ్యే శ్రమను మధ్యస్థ వ్యాయామమని, అంతకు మించినదాన్ని తీవ్ర వ్యాయామమని లెక్కిస్తారు. ఇస్త్రీ చేయడం, నిలబడి అంట్లు తోమడం రెండు రెట్ల దరిదాపుల్లోనే ఆగిపోతాయి. ఊడ్చడం, నేల తుడవడం మాత్రం 3 నుంచి 4 రెట్ల దాకా వెళ్తాయి, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచినా ఇంచుమించు అంతే. అంటే 60 కిలోల మనిషి అరగంట ఆపకుండా నేల తుడిచినా, అరగంట నడిచినా సుమారు 100 కేలరీలే ఖర్చవుతాయి. బరువైన సంచులతో మేడ మెట్లెక్కడమైతే 7 రెట్లు దాటుతుంది, అయితే అది ఒకటి రెండు నిమిషాల్లో ముగిసిపోయే పని.

ఆ ఒకటి రెండు నిమిషాలకూ ఇప్పుడు విలువ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన సూచనల్లో, కనీసం 10 నిమిషాలు ఏకధాటిగా సాగిన శ్రమనే లెక్కలోకి తీసుకోమన్నది; 2020 సూచనల్లో ఆ షరతును తీసేసి, పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చాలునని, అది ఇంటి పనిలో దొరికినా ఫరవాలేదని చెప్పింది. 17 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని పరిశీలించి 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో కూడా, తీరిక వేళల వ్యాయామమే కాక ఇంటి పని, ఉద్యోగంలోని శ్రమ, రాకపోకల నడక ఎక్కువగా ఉన్నవారిలో సైతం గుండె జబ్బులు, మరణాలు తక్కువగా కనిపించాయి.

ఇంటి పనికి ఇంత బలమైన మద్దతు ఉండగా చిక్కెక్కడ వస్తోందంటే, మనం దాన్ని లెక్కవేసుకునే తీరులో. ఉత్తర ఐర్లండ్‌లో 4,500 మందికి పైగా పెద్దలపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, జనం చెప్పిన మొత్తం శ్రమలో మూడో వంతుకు పైగా ఇంటి పనే ఉంది. కానీ దానికి ఎక్కువ సమయం చెప్పినవారిలో బరువు తక్కువగా ఉండాల్సింది పోయి ఎక్కువగా కనిపించింది. పని గంటసేపు సాగినా అందులో గుండె వేగం పెరిగిన నిమిషాలు కొన్నే కావచ్చు, సర్దుతూ నిలబడిన సమయాన్ని కూడా మనం శ్రమలో కలిపేసుకుంటూ ఉండవచ్చు. పని చేస్తూ మాట్లాడగలిగినా పాట పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. హాయిగా పాడుకోగలిగితే దాన్ని వ్యాయామం కింద రాసుకోకూడదు.

నేల తుడవడాన్నే తీసుకుందాం. గొంతుక్కూర్చుని, చేతిలో గుడ్డతో వెనక్కి జరుగుతూ తుడిస్తే తొడలు, పిరుదులు, భుజాలు అన్నీ పనిచేస్తాయి, గుడ్డ గట్టిగా పిండినప్పుడు ముంజేతులకు పట్టు వస్తుంది. అదే పనిని మోకాళ్లు వంచకుండా నడుం మాత్రమే వంచి చేస్తే భారమంతా వెన్ను కింది భాగం మీద పడుతుంది. పొడవాటి కర్ర ఉన్న తుడుపు నడుముకు సుఖమే గాని, తొడలకు దక్కాల్సిన శ్రమ తగ్గిపోతుంది. పైగా చాలామంది వాటమైన చేతితోనే పనంతా చేస్తారు కనుక రెండో వైపు వెనకబడుతుంది. మధ్యమధ్య చెయ్యి మార్చడం మంచిది.

ప్రత్యేక వ్యాయామానిది పైచెయ్యి అయ్యేది ఇక్కడే. కండరం బలపడాలంటే భారం క్రమంగా పెరగాలి, కానీ ఇంట్లోని బక్కెట్ నెల తర్వాత కూడా అంతే బరువుంటుంది, శరీరం దానికి అలవాటుపడి అక్కడే ఆగిపోతుంది. ముఖ్యమైన కండరాలన్నిటికీ వారానికి కనీసం 2 రోజులు బలం పెంచే కసరత్తు ఉండాలన్న సూచనను మామూలు ఇంటి పని తీర్చడం కష్టం.

కాబట్టి నా తీర్పు మనిషిని బట్టి మారుతుంది. రోజంతా కుర్చీలో గడిపేవారికి తక్షణం మేలు చేసేది ఇంటి పనే. వేరే సమయం, ఖర్చు, దుస్తులు ఏవీ అక్కర్లేదు. నిలబడి చేసే పనితోనే తెల్లవారి, దానితోనే పొద్దుపోయే మనిషికి మాత్రం, ఆ మనిషి చాలా ఇళ్లలో స్త్రీయే, ఇంటి పనే వ్యాయామమని చెప్పడం అన్యాయం. ఆమెకు కావలసింది వేగంగా నడవడానికి, బరువులెత్తడానికి ఒక అరగంట, ఆ అరగంట పనిని ఇంట్లో మరొకరు అందుకోవడం. పనంతా ఒకరికి, కుర్చీ అంతా మరొకరికి అయిన ఇంట్లో ఈ మార్పిడి ఇద్దరి ఒంటికీ మంచిదే.

65 దాటినవారి సంగతి వేరు. వారికి వారానికి కనీసం 3 రోజులు తూలి పడకుండా నిలదొక్కుకునే సాధన కూడా అవసరం. దాన్ని తడి నేల మీదో, బూజు దులపడానికి ఎక్కిన స్టూలు మీదో కాక, గోడ పక్కన ఒంటికాలిపై నిలబడి, అవసరమైతే గోడను పట్టుకునే వీలుండేలా విడిగా చేయడమే క్షేమం.