పావు అంగుళం ఫుట్, రోటరీ కట్టర్, వాకింగ్ ఫుట్: మూడేళ్లు వాడాక

క్విల్టింగ్ (గుడ్డముక్కలు అతికి, కింద దూది పొర, అస్తరు పెట్టి బొంతలా కుట్టే పని) కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఆగిపోయేది చాలావరకు ఒకే చోట. తొమ్మిది గుడ్డముక్కలు అతికిన చదరాలు, అంటే బ్లాకులు, నాలుగైదు కుట్టి పక్కపక్కన పరిస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మూలలు కలవవు. "మనకి ఈ పని రాదులే" అని అంతా మూటగట్టి పక్కన పెట్టేస్తారు. ఈ మూడు పనిముట్లనూ మూడేళ్లు వాడాక గట్టిగా చెప్పగలను: ఆ తేడాకి కారణం కొలతలో దొరుకుతుంది, స్కేలు పెట్టి చూస్తే అంగుళంలో వీసం (1/16) దాకా పట్టుకోవచ్చు. అందుకే ఏ పనిముట్టు ఏ తప్పును ఆపుతుంది, ఏది ఆపలేదు అన్న లెక్కనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు పావు అంగుళం ఫుట్, అంటే కుట్టుమెషిన్‌లో గుడ్డను నొక్కిపట్టి, అంచు నుంచి పావు అంగుళంలో కుట్టు పడేలా చూసే భాగం. మూడింటిలో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనమంటాను. 2½ అంగుళాల చదరాలు మూడు వరసగా కుడితే 6½ అంగుళాలు రావాలి. కుట్టు పావు అంగుళం దగ్గర పడకుండా ఒక వీసం లోపలికి పడిందనుకోండి. అతుకు దగ్గర రెండు ముక్కలూ చెరో వీసం పోగొట్టుకుంటాయి, అంటే అతుక్కి ఒక పరక (1/8). రెండు అతుకులకి పావు అంగుళం పోయి బ్లాకు 6¼కి దిగుతుంది. ఎనిమిది బ్లాకుల వరసలో బ్లాకుల లోపలే రెండు అంగుళాలు మాయం. కుట్టేటప్పుడు ఆ వీసం కంటికి ఆనదు, అదే దీనిలోని చిక్కు.

ఫుట్ మీద పావు అంగుళం అని ఉన్నా నమ్మి మొదలుపెట్టొద్దు. అతుకు మడిచి ఇస్త్రీ చేసినప్పుడు ఆ మడత ఒకటి రెండు పోగుల మందం మింగేస్తుంది కాబట్టి, కుట్టు పావు కన్నా ఒకటి రెండు పోగులు తక్కువలో పడాలి. దీనికి పరీక్ష చాలా తేలిక. 1½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కోసి, పక్కపక్కన కుట్టి, అతుకులు ఇస్త్రీ చేసి, నడిమి పట్టీని కొలవండి. సరిగ్గా ఒక అంగుళం ఉండాలి. 7/8 వస్తే రెండు అతుకులూ చెరో వీసం ఎక్కువ తింటున్నట్టు. సూదిని పక్కకి జరిపే వీలున్న మెషిన్ అయితే ఒక్క మెట్టు కుడికి జరిపి మళ్లీ కొత్త పట్టీలతో చూడండి. ఆ వీలు లేకపోతే, సూది నుంచి కొలిచి మెషిన్ మీద నాలుగు పొరల మాస్కింగ్ టేపు అంటించి దాని పక్కగా గుడ్డ నడపండి. ఫుట్ కొనకుండానే సగం లాభం ఆ టేపుతో వస్తుంది.

ఈ ఫుట్‌లో రెండు రకాలున్నాయి, పక్కన చిన్న రేకు గైడు ఉన్నది, లేనిది. గైడు ఉన్నది పట్టీలకు హాయిగా ఉంటుంది, గుడ్డ అంచు దానికి ఆనిస్తే చాలు. కానీ రెండు చదరాలు ఒకదానిపై ఒకటి పెట్టి, ఐమూలగా పెన్సిల్ గీత గీసి, దానికి రెండు పక్కలా కుట్టి, గీత మీద కోసి త్రికోణాలు చేసేటప్పుడు ఆ రేకు అడ్డొస్తుంది. త్రికోణాల డిజైన్లు చేయాలనుకునేవాళ్లు గైడు లేనిదే తీసుకోండి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఈ ఫుట్‌లో సూది దిగే రంధ్రం చిన్నది. జిగ్‌జాగ్ మీద ఉంచి మర్చిపోయి పెడల్ తొక్కితే సూది రేకుకి తగిలి విరుగుతుంది. ఫుట్ మార్చగానే చేత్తో చక్రం ఒక చుట్టు తిప్పి చూసే అలవాటు చేసుకోండి.

కుట్టు పొడవు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, 50 నంబరు నూలు దారం, 80/12 సూది. ముక్కలు అతకడానికి ఇవి చాలు. సూది సుమారు ఎనిమిది గంటల కుట్టుపని తర్వాత మార్చేయాలి. మొద్దు సూది గుడ్డలో దిగేటప్పుడు టప్ టప్‌మని చప్పుడు చేస్తుంది.

త్రికోణాల దగ్గర చాలామందికి మనసు విరుగుతుంది. ఐమూలగా కోసిన అంచు సాగుతుంది. పడుగు, పేక పోగుల వెంట గుడ్డ బిగువుగా ఉంటుంది, వాటికి అడ్డంగా ఏటవాలున పడితే రబ్బరులా లాగుతుంది. దాని మీద ఇస్త్రీపెట్టె అటూ ఇటూ తోస్తే చదరం కాస్తా వంకర తిరుగుతుంది. పెట్టెను ఎత్తి పెట్టాలి, నొక్కాలి, ఎత్తాలి, అంతే. పూర్తయ్యాక 3 అంగుళాలు ఉండాల్సిన త్రికోణపు చదరానికి (రెండు త్రికోణాలు అతికినది) లెక్క ప్రకారం 3⅞ చదరాలు కోయాలి. కొత్తవాళ్లు ఆ లెక్క వదిలేసి 4 అంగుళాల చదరాలు కోసి, కుట్టాక 3½కి కత్తిరించుకోవడం మేలు. గుడ్డ కాస్త వృథా అయినా మూలలు కలుస్తాయి, ఉత్సాహం నిలుస్తుంది.

ఇక రోటరీ కట్టర్, అంటే పిడికి గుండ్రటి బ్లేడు ఉండి, దొర్లిస్తూ గుడ్డ కోసేది. జపాన్ కంపెనీ ఓల్ఫా 1979లో దీన్ని తెచ్చింది. దీనికి ముందు ఒక్కొక్క ముక్కనూ అట్టతో గీసుకుని కత్తెరతో కోసేవాళ్లు. మొదటి కట్టర్‌గా 45 మిల్లీమీటర్ల బ్లేడుదే తీసుకోండి. 28 వంపులకు బాగుంటుంది కానీ పొడవు పట్టీలకు చేతికి నొప్పి. దానికి తోడు 6 బై 24 అంగుళాల అక్రిలిక్ స్కేలు, కింద కోతకు వేసే గీతల చాప. కొలత ఎప్పుడూ స్కేలు గీతలతోనే తీయండి, చాప మీది గీతలు దారి చూపడానికే. ఆ చాపను ఎండలో పెట్టినా, దాని మీద ఇస్త్రీ చేసినా వంకరపోతుంది, మళ్లీ సాపు కాదు.

ఈ బ్లేడు పాడైతే గుర్తు పట్టడం ఎలాగో నాకు భలే నచ్చిన సంగతి. 45 మిల్లీమీటర్ల బ్లేడు చుట్టుకొలత దాదాపు ఐదున్నర అంగుళాలు. కోసిన పట్టీలో సరిగ్గా అంత దూరానికొకసారి తెగని పోగు కనిపిస్తే బ్లేడు ఒకచోట మొక్కపోయింది. గుండుసూది మీద నుంచి పోనిస్తే జరిగేది ఇదే. పోగులు ఎక్కడపడితే అక్కడ మిగులుతుంటే బ్లేడు మొత్తం మొద్దుబారింది. అప్పుడు ఎక్కువ బలం పెట్టి తోయడం వల్లే స్కేలు జారుతుంది, వేలు తెగుతుంది. బ్లేడును శరీరానికి దూరంగానే నడిపి, కోయడం ఆగిన క్షణంలోనే మూత వేయాలి.

పట్టీ విప్పితే నడుమ మోకాలిలా వంగి ఉంటే తప్పు కట్టర్‌ది కాదు. గుడ్డ మడతకు స్కేలు లంబంగా లేదన్నమాట. స్కేలు అడ్డగీత ఒకటి మడత మీద కచ్చితంగా పెట్టి అంచు సరిచేసుకోండి. మూడు నాలుగు పట్టీలకొకసారి ఆ అంచు మళ్లీ సరిచూడాలి.

వాకింగ్ ఫుట్ మీద నా అభిప్రాయం కాస్త మిశ్రమం. మెషిన్ కింది పళ్లు అడుగు గుడ్డను లాగుతుంటే ఇది పై గుడ్డను అదే వేగంతో నడుపుతుంది కాబట్టి పైగుడ్డ, బ్యాటింగ్ (నడుమ పెట్టే దూది పొర), అస్తరు మూడూ కలిసి ముందుకు సాగుతాయి. నిలువు గీతలకు దీనికి సాటి లేదు. అయితే అస్తరులో ముడతలు పడుతున్నాయని దీన్ని కొంటే నిరాశే. ఆ ముడతలు పుట్టేది పొరలు పరిచేటప్పుడు. అస్తరు నాలుగు పక్కలా నాలుగేసి అంగుళాలు పెద్దదిగా కోసి, తిరగేసి నేల మీద పరిచి, అంచులకి టేపు వేయాలి. బిగువుగా ఉండాలి కానీ సాగకూడదు. లాగి అంటిస్తే టేపు తీయగానే వెనక్కి ముడుచుకుంటుంది. పిన్నీసులు పిడికిలి దూరంలో, అంటే నాలుగు అంగుళాలకొకటి. కుట్టు నడుమ నుంచి అంచులకు.

మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు అతుకు సందులోనే కుట్టమని కొత్తవాళ్లకు చెబుతుంటారు. నేను వద్దంటాను. సూది ఒక్క పోగు తప్పినా పైకెక్కి కనిపిస్తుంది. అతుక్కి పావు అంగుళం పక్కగా కుట్టండి, చిన్న వంకర ఎవరి కంటా పడదు. సందులోనే కావాలంటే అతుకు మడత లేని పల్లపు వైపు కుట్టండి.

ఏది విప్పాలి, ఏది వదలాలి? మూల దగ్గర తేడా వీసం లోపు ఉంటే వదిలేయండి. పరక దాటితే విప్పండి. నూలు బ్యాటింగ్ తొలి ఉతుకులో సుమారు 3 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది, ఆ మెత్తటి ముడతల్లో చిన్న తేడాలు కలిసిపోతాయి. విప్పేటప్పుడు లాగొద్దు. ఒక పక్క నాలుగైదు కుట్లకొకటి తెంపుకుంటూ వెళ్లి, తిరగేసి దారం పట్టి తీస్తే మొత్తం పోగు ఒకేసారి వచ్చేస్తుంది. మళ్లీ కుట్టే ముందు ఆ అంచును ఇస్త్రీ చేయండి.

వాకింగ్ ఫుట్ వాడేవాళ్లకు ఇంకొక్క మాట. దాని చేయి సూది బిగించే మరమీద కూర్చోవాలి, కింద ఉంటే పైపళ్లు కదలవు, మామూలు ఫుట్‌లాగే లాగుతుంది. ఆ చేయి కుట్టు కుట్టుకీ మరను తడుతుంటుంది కాబట్టి మర మెల్లగా వదులవుతుంది. బాబిన్ మార్చిన ప్రతిసారీ స్క్రూడ్రైవర్‌తో ఒకసారి బిగించండి, ఫుట్ లోపలి నూగు బ్రష్‌తో దులపండి.